అటకెక్కిన కంప్యూటర్‌ను ఇంటి సర్వర్‌గా మార్చడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. అప్పటి నుంచి అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "మా ఇంట్లో పాత సీపీయూ ఉంది, విండోస్ 11 ఎక్కనంటోంది, అమ్మబోతే పాత ఇనుము రేటు చెబుతున్నారు, దీన్నేం చేసుకోవాలి?" ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లదీ ఇదే గోల.

దాన్ని ఇంటి సర్వర్‌గా పెట్టుకోండి. ఫోన్లలో ఫొటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లల మార్కుల మెమోలు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా, టీవీ నుంచైనా తెరుచుకోవచ్చు. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. అందుకే ఈ పనికి గిరాకీ పెరిగింది.

మొదలుపెట్టే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఇంటి సర్వర్‌కు వేగం పెద్ద విషయం కాదు. కరెంటు పోయి వచ్చాక ఎవరూ చేయి వేయకుండా తనంతట తాను లేచి పని మొదలుపెట్టాలి. అలా లేవకపోతే అది సర్వర్ కాదు, ఇంకో కంప్యూటర్ అంతే. అందుకే ఈ గైడ్‌లో సాఫ్ట్‌వేర్ కంటే ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మూల సెట్టింగులు), బ్యాటరీ, కరెంటు సంగతులు వస్తాయి. తొందరపడి వాటిని దాటేయకండి.

కావలసినవి

64 బిట్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్. గత పది పన్నెండేళ్లలో కొన్నదైతే దాదాపు ఖాయంగా 64 బిట్‌దే. ర్యామ్ 2 జీబీ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖం.

రెండు డిస్కులు. ఒకటి సిస్టమ్‌కు, రెండోది మీ ఫైళ్లకు. మనం వేయబోయే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌మీడియావాల్ట్ మొదటి డిస్కును మొత్తం తనే తీసుకుంటుంది, అందులో మీ ఫైళ్లకు చోటివ్వదు. కాబట్టి సిస్టమ్‌కు 120 జీబీ పాత ఎస్‌ఎస్‌డీ చాలు, ఫైళ్లకు పెద్ద హార్డ్‌డిస్క్ పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండో డిస్కుకు చోటుండదు కాబట్టి లోపలి డిస్కులో సిస్టమ్ వేసి, ఫైళ్లకు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలించండి.

ఒక లాన్ కేబుల్. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ. సర్వర్‌ను వైఫై మీద నడపొద్దు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ఇబ్బంది పెడుతుంది, తర్వాత కాపీలు నత్తనడక నడుస్తాయి.

4 జీబీ పైన ఒక పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా పోతుంది.

మొదటి రోజుకు మాత్రం మానిటర్, కీబోర్డ్. ఆ తర్వాత వాటిని తీసేయవచ్చు.

డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

రెండూ ఉంటే ల్యాప్‌టాప్ వైపే నా మొగ్గు. కారణం కరెంటు బిల్లు. పని లేకుండా ఉన్నప్పుడు పాత డెస్క్‌టాప్ దాదాపు 50 వాట్లు లాగుతుందనుకోండి. రోజంతా, నెలంతా నడిస్తే 36 యూనిట్లు. ల్యాప్‌టాప్ 15 వాట్లతో సరిపెట్టుకుంటే నెలకు 11 యూనిట్లు కూడా కావు. 36 యూనిట్లే కదా అనుకోకండి. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవాలి. ఇప్పటికే నెలకు 180 వాడే ఇంట్లో డెస్క్‌టాప్ సర్వర్ పెడితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ఆంధ్రలోనూ స్లాబు మారితే చివరి యూనిట్లకు ఎక్కువ రేటు పడుతుంది.

ల్యాప్‌టాప్‌తో ఇంకో లాభం, దాని బ్యాటరీయే యూపీఎస్. కానీ బ్యాటరీని ముందు చూడాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉన్నా, అడుగు భాగం ఉబ్బినా, నున్నటి బల్ల మీద పెడితే ఊగుతున్నా ఆ బ్యాటరీ ఉబ్బింది. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. తీయించేయండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే నడుస్తాయి. అప్పుడు బయట యూపీఎస్ కావాలి.

అడుగు 1: దుమ్ము, బ్యాటరీ, బయోస్

1. మూత విప్పి దుమ్ము దులపండి. ఎన్నాళ్లుగానో అటక మీద ఉన్న సీపీయూలో బల్లి గుడ్లు, చీమల పుట్టలు దొరకడం వింత కాదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా) ఫ్యాన్ రెండూ తిరుగుతున్నాయో లేదో చూడండి. ఫ్యాన్‌ను బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు.

2. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని మార్చండి. కొత్తది కొన్ని పదుల రూపాయలే. పాతది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ పోతుంది, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, తెర మీద "ఎఫ్1 నొక్కండి" అంటూ ఆగిపోతుంది. మానిటర్ లేని సర్వర్ అలా ఆగితే మీకు తెలిసే దారే లేదు. "సర్వర్ అప్పుడప్పుడు మాయమవుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ బిళ్లే.

3. బయోస్‌లోకి వెళ్లండి. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే వస్తుంది, హెచ్‌పీలో ఎఫ్10. పవర్ మెనూలో "ఏసీ పవర్ లాస్", "ఏసీ రికవరీ", "ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్" లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని "పవర్ ఆన్" చేయండి. "లాస్ట్ స్టేట్" కూడా పనికొస్తుంది గానీ మీరు ఆఫ్ చేసి ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే అది లేవదు.

4. "హాల్ట్ ఆన్" అనే సెట్టింగ్ ఉంటే "నో ఎర్రర్స్" పెట్టండి. లేకపోతే కీబోర్డ్ లేదని అలిగి బూట్ కాకుండా కూర్చునే బోర్డులున్నాయి.

5. సేవ్ చేసి బయటికి రండి.

ఇప్పుడు పరీక్ష. మానిటర్, కీబోర్డ్ పీకేయండి. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా గోడ దగ్గర స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. లోపల ఇంకా సర్వర్ లేదు కాబట్టి దానికి నష్టం లేదు, కానీ కావలసిన పాత ఫైళ్లుంటే ఈ పరీక్షకు ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి. ఫ్యాన్ తిరగడం మొదలైతే గెలిచినట్టే. తిరగకపోతే 3వ అంశానికి మళ్లీ వెళ్లండి. ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో చాలావాటికి ఈ సెట్టింగ్ ఉండదు, వాటికి బ్యాటరీయే దిక్కు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. ఎకోలో ఉంటే కరెంటు పోయాక మారడానికి పట్టే ఆ క్షణంలో ఫ్యాన్లకు తేడా తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ మోడ్‌కు మార్చండి. రూటర్ ఉన్న ప్లగ్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి. సర్వర్ బతికి రూటర్ చస్తే ఉపయోగం ఏముంది?

అడుగు 2: డిస్కు ఆరోగ్యం

ఏళ్లుగా వాడిన హార్డ్‌డిస్క్‌ను గుడ్డిగా నమ్మొద్దు. కంప్యూటర్‌లో ఇంకా విండోస్ ఉండగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. అందులో రెండు వరుసలు ముఖ్యం: రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్. రెండూ సున్నా ఉంటే వాడండి. పెండింగ్ వరుసలో సున్నా కాక ఏ అంకె ఉన్నా ఆ డిస్కులో ఫొటోలు పెట్టకండి. "గుడ్" అని నీలం రంగులో చూపిస్తేనే ముందుకు వెళ్లండి, పసుపులో "కాషన్" అంటే కొత్త డిస్కుకు డబ్బు తీయాల్సిందే. చదివేటప్పుడు టిక్కు టిక్కుమంటూ ఆగిపోయే డిస్కుకు పరీక్ష కూడా అక్కర్లేదు.

ఆ కంప్యూటర్‌లో ఉన్న పాత ఫైళ్లు కావాలంటే, ఇంకా చేయకపోతే ఇప్పుడే వేరేచోటికి కాపీ చేసుకోండి. ఇక్కడి నుంచి వెనక్కి రావడం కుదరదు.

అడుగు 3: పెన్‌డ్రైవ్ తయారీ, ఇన్‌స్టాలేషన్

ఓపెన్‌మీడియావాల్ట్ ఎందుకంటే, అది ఉచితం, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, ఒకసారి వేశాక పనంతా బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు. నల్ల తెర మీద ఆదేశాలు టైప్ చేసే పని దాదాపు ఉండదు. ఇలాంటిదే అయిన ట్రూనాస్ కూడా మంచిదే కానీ ర్యామ్ ఎక్కువ అడుగుతుంది, పాత కంప్యూటర్లకు బరువు. ఉబుంటు సర్వర్ తెలిసినవాళ్లకు ఈ గైడ్ అక్కర్లేదు.

1. ఇంకో కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ అధికారిక సైట్ నుంచి ఏఎండీ64 ఐఎస్‌ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేయాల్సినదంతా ఒకే ఫైల్‌గా) దింపుకోండి. పేరులో ఏఎండీ అని ఉన్నా ఇంటెల్ ప్రాసెసర్లకూ అదే.

2. బెలీనా ఎచర్‌తో గానీ రూఫస్‌తో గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఐఎస్‌ఓ ఫైల్‌ను మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేస్తే బూట్ కాదు. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రూఫస్ ఏ మోడ్ అని అడిగితే ముందు ఐఎస్‌ఓ మోడ్, అది బూట్ కాకపోతే డీడీ మోడ్.

3. ఫైళ్ల కోసం ఉంచిన రెండో డిస్కు కేబుల్‌ను పీకేయండి. దీన్ని దాటవేయవద్దు. ఇన్‌స్టాలర్‌లో డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి, ఏది ఏదో తికమక పడితే ఫొటోలున్న డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. అసలు తగిలించకపోతే ఆ ప్రమాదమే లేదు.

4. లాన్ కేబుల్ రూటర్‌కు పెట్టండి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేసి బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12 కానీ ముందు బయోస్‌లో బూట్ మెనూను ఎనేబుల్ చేయాలి.

5. ఇన్‌స్టాల్ ఎంచుకుని భాష ఇంగ్లిష్, దేశం ఇండియా పెట్టండి. హోస్ట్‌నేమ్ అంటే సర్వర్‌కు పేరు. ఖాళీలు లేని చిన్న పేరు ఇవ్వండి. డొమైన్ అడిగితే అక్కడ ఉన్నదే ఉంచండి.

6. రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది తాళంచెవి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ నంబర్‌ను పాస్‌వర్డ్‌గా పెట్టేవాళ్లే ఎక్కువ, మీరు ఆ పని చేయకండి.

7. తర్వాత వచ్చేవాటికి సరే అంటూ వెళ్లండి. ఒక్క డిస్కే ఉంటే ఎక్కడ వేయాలని పెద్దగా అడక్కుండానే వేసేస్తుంది. చివర్లో రీబూట్ అన్నప్పుడు పెన్‌డ్రైవ్ తీసేయండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

బూట్ అయ్యాక నల్ల తెర మీద లాగిన్ అడుగుతూ, దాని పైన 192.168 తో మొదలయ్యే అంకె కనబడుతుంది. అదే మీ సర్వర్ చిరునామా, రాసుకోండి. ఆ అంకె కనబడకపోతే లాన్ కేబుల్ వదులుగా ఉందేమో, రూటర్‌లో ఆ పోర్టు దగ్గర లైటు వెలుగుతోందో లేదో చూడండి. ఇన్‌స్టాల్ మధ్యలో "మిర్రర్" (ఫైళ్లు దింపుకునే సైట్) దగ్గర ఆగిపోయినా కారణం ఇంటర్నెట్ అందకపోవడమే.

అడుగు 4: బ్రౌజర్‌లో మొదటి పని

1. ఇంట్లో ఇంకో కంప్యూటర్ గానీ ఫోన్ గానీ తీసుకుని బ్రౌజర్‌లో ఆ అంకె కొట్టండి. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఓపెన్‌మీడియావాల్ట్. రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

2. కుడివైపు పైన మనిషి బొమ్మ మీద నొక్కి వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. ఈ పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు.

3. సిస్టమ్‌లో వర్క్‌బెంచ్ తెరిచి ఆటో లాగౌట్ సమయం పెంచండి. ఉన్నది ఐదు నిమిషాలే, ఈ గైడ్ చదువుతూ చేస్తుంటే మధ్యలో బయటికి తోసేస్తుంది.

4. అప్‌డేట్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవన్నీ వేయండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీరు ఏ మార్పు చేసినా పైన పసుపు రంగు పట్టీ ఒకటి వస్తుంది. అందులో టిక్ నొక్కి, "ఎస్" అన్నాకే ఆ మార్పు అమలవుతుంది. సేవ్ నొక్కాం కదా అని వదిలేస్తే ఏమీ జరగదు. "అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, ఫోల్డర్ కనబడటం లేదు" అనేవాళ్ల తెర మీద తొంభై పాళ్లు ఆ పసుపు పట్టీ అలాగే ఉంటుంది.

ఇక చిరునామా మారకుండా కట్టేయాలి. రూటర్ రీస్టార్ట్ అయినప్పుడు సర్వర్‌కు వేరే అంకె ఇచ్చేస్తే మీ షార్ట్‌కట్‌లన్నీ పోతాయి. రూటర్ పేజీలోకి వెళ్లండి. చాలావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ, జియోఫైబర్ అయితే 192.168.29.1. లాన్ లేదా డీహెచ్‌సీపీ మెనూలో "అడ్రస్ రిజర్వేషన్" లేదా "స్టాటిక్ లీజ్" అని ఉంటుంది. అక్కడ మీ సర్వర్‌ను ఎంచుకుని ఇప్పుడున్న అంకెనే ఖాయం చేయండి. మీ రూటర్‌లో ఆ సదుపాయం లేకపోతే ఓపెన్‌మీడియావాల్ట్‌లో నెట్‌వర్క్, ఇంటర్‌ఫేసెస్‌లోకి వెళ్లి స్టాటిక్ అని ఇవ్వవచ్చు. కానీ అక్కడ గేట్‌వే (అంటే రూటర్ అంకె) తప్పు కొడితే సర్వర్ చేతికి దొరకదు. మళ్లీ మానిటర్ తగిలించాలి. మొదటి దారే మేలు.

అడుగు 5: డిస్కు, ఫోల్డర్, మనుషులు

సర్వర్‌ను పద్ధతిగా ఆపండి. రెండో డిస్కు తగిలించి మళ్లీ ఆన్ చేయండి.

1. స్టోరేజ్, డిస్క్స్‌లో కొత్త డిస్కు కనబడాలి. ఖాళీ డిస్కు అయితే వైప్, క్విక్. నొక్కే ముందు సైజు చూసి సరైన డిస్కేనని నిర్ధారించుకోండి.

2. ఫైల్ సిస్టమ్స్‌లో ప్లస్ నొక్కి ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే డిస్కు ఫార్మాట్) ఎంచుకుని ఫార్మాట్ చేయండి. అయ్యాక మౌంట్ (డిస్కును వాడుకలోకి తేవడం), ఆపైన పసుపు పట్టీ.

ఫొటోలతో నిండిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్కును అలాగే తగిలించవచ్చా అని చాలామంది అడుగుతారు. తగిలించవచ్చు, చదువుతుంది. కానీ ఎవరికి ఏ అనుమతి అనే లెక్క దానిమీద సరిగ్గా కుదరదు, కరెంటు ఉన్నట్టుండి పోతే బాగుచేయడానికి విండోస్ కావాలి. ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి, దీన్ని ఈఎక్స్‌టీ4 చేసి, మళ్లీ పోయడమే తెలివైన పని.

3. షేర్డ్ ఫోల్డర్స్‌లో ఫోల్డర్లు చేయండి. ఫొటోలు, సినిమాలు, కాగితాలు అని మూడు చాలు మొదట్లో. పేర్లు ఇంగ్లిష్‌లో, ఖాళీలు లేకుండా ఉంటే తర్వాత తలనొప్పి ఉండదు. లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు హాయిగా పెట్టుకోవచ్చు.

4. యూజర్స్‌లో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక యూజర్ చేయండి. పిల్లలకు సినిమాలు చూడటానికి మాత్రమే, కాగితాల ఫోల్డర్ అసలు తెరుచుకోవద్దు అనుకుంటే పర్మిషన్స్‌లో అలాగే పెట్టవచ్చు.

5. సర్వీసెస్‌లో ఎస్‌ఎంబీ (ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచుకునే పద్ధతి) తెరిచి సెట్టింగ్స్‌లో ఎనేబుల్ చేయండి. తర్వాత షేర్స్‌లో ఒక్కో ఫోల్డర్‌ను చేర్చండి. "పబ్లిక్" దగ్గర "నో" ఉంచండి. కిందికి జరిగి రీసైకిల్ బిన్‌ను ఎనేబుల్ చేయడం మర్చిపోవద్దు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఈ టిక్ పెడితే సర్వర్‌లోనే ఒక దాపుడు ఫోల్డర్‌లో ఉంటుంది.

పాస్‌వర్డ్ ఎందుకు, ఇంట్లోవాళ్లమే కదా, గెస్ట్ అని వదిలేద్దాం అనేవాళ్లకు: విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని ఫోల్డర్లను ముందుగానే అడ్డుకుంటుంది. దాన్ని తప్పించే చిట్కాలు వీడియోల్లో దొరుకుతాయి. వాటితో మీ కంప్యూటర్ భద్రత తగ్గుతుంది తప్ప కలిసొచ్చేది లేదు. ప్రతి ఒక్కరికీ యూజర్ చేయడం ఐదు నిమిషాల పని.

అడుగు 6: తెరిచి చూడటం

విండోస్‌లో: విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, రెండు వెనక్కి వాలిన గీతలు, ఆ తర్వాత సర్వర్ అంకె కొట్టండి. ఉదాహరణకు \\192.168.1.50 అని. యూజర్‌నేమ్ అడిగితే అడుగు 5లోని 4వ అంశంలో చేసిన పేరు ఇవ్వండి. అడ్మిన్ అని ఇస్తే తెరుచుకోదు, అది బ్రౌజర్ పేజీకి మాత్రమే. మీ మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ పాస్‌వర్డ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒకసారి తప్పు కొట్టాక విండోస్ దాన్నే గుర్తుపెట్టుకుని మొండికేస్తే, కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ అంకె పేరుతో ఉన్నదాన్ని తీసేయండి. తెరుచుకున్నాక ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ అంటే మామూలు డ్రైవ్‌లా కనబడుతుంది.

ఫోన్లో, ఆండ్రాయిడ్ టీవీలో: వీఎల్‌సీ వేసుకుంటే లోకల్ నెట్‌వర్క్ కింద సర్వర్ కనబడుతుంది, సినిమాలు నేరుగా ఆడతాయి. ఫోన్ ఫొటోలు వాటంతటవే సర్వర్‌కు చేరాలంటే ఫోల్డర్‌సింక్ లాంటి యాప్ వేసి, "వైఫైలో ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు" అని పెట్టండి. మొదట వన్ వే కాపీగానే ఉంచండి. టూ వే పెడితే ఫోన్లో చెరిపింది సర్వర్‌లోనూ పోతుంది. చోటు లేదని అమ్మ ఫోన్లో ఫొటోలు తీసేస్తే అసలు నిల్వే ఖాళీ అవుతుంది.

వేగం సరిచూడండి. ఒక పెద్ద సినిమా ఫైల్ సర్వర్‌లోకి లాగి, విండోస్ చూపించే అంకె చూడండి. కాపీ చేసే కంప్యూటర్ కూడా కేబుల్ మీదే ఉండాలి. సెకనుకు 100 ఎంబీ పైన వస్తే గిగాబిట్ లైన్ పూర్తిగా అందుతున్నట్టు. 11 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే లైన్ 100 ఎంబీపీఎస్ దగ్గర చిక్కుకుంది. కారణం సర్వర్ కాదు. కేబుల్‌లో ఎనిమిది తీగల్లో నాలుగే తగులుతుండవచ్చు, లేదా రూటర్ పోర్టే 100 ది. ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత రూటర్ వెనక వేరే పోర్టు. తేడా చిన్నది కాదు: 500 జీబీ ఫొటోలు మొదటిసారి ఎక్కించడానికి 11 మీద పన్నెండున్నర గంటలు, 110 మీద గంటంబావు. రోజువారీ వాడకానికి, సినిమాలు చూడటానికి మాత్రం 11 కూడా సరిపోతుంది. దానికోసం కొత్త రూటర్ కొనకండి.

అడుగు 7: రెండో కాపీ

సర్వర్‌లో ఉన్నాయి కదా అని ఫోన్లో ఫొటోలు చెరిపేస్తే మీ దగ్గర ఉన్నది మళ్లీ ఒక్క కాపీయే, అదీ పాత హార్డ్‌డిస్క్‌లో. రెండు డిస్కులతో రెయిడ్ (ఒకే ఫైల్‌ను రెండింట్లోనూ ఒకేసారి రాయడం) పెట్టాం అంటారు కొందరు. రెయిడ్ డిస్కు చెడిపోతే కాపాడుతుంది. మీరు పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. ఇంటికి ఆ డబ్బుతో ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ కొనడం మంచిది.

ఓపెన్‌మీడియావాల్ట్ ప్లగిన్స్‌లో యూఎస్‌బీ బ్యాకప్ ఉంది. దాన్ని వేసి, ఏ ఫోల్డర్ ఏ డిస్కుకు వెళ్లాలో ఒకసారి చెబితే, ఆ యూఎస్‌బీ డిస్కు గుచ్చగానే కాపీ మొదలవుతుంది. నెలకోసారి గుచ్చండి, అయ్యాక పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే అది బ్యాకప్ కాదు. వీలైతే చుట్టాలింట్లో ఇంకోటి ఉంచండి.

బ్యాకప్ నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది? ఆ డిస్కును తెరిచి, ఏడాది కిందటి ఫొటో ఒకటి, వీడియో ఒకటి ఆడించి చూడండి. ఫోల్డర్ పేర్లు కనబడితే చాలదు, ఫైల్ తెరుచుకోవాలి. ఈఎక్స్‌టీ4 డిస్కు విండోస్‌లో నేరుగా తెరుచుకోదు కాబట్టి సర్వర్‌కే తగిలించి చూడండి, లేదా లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడండి. సర్వర్ చచ్చిన రోజు కూడా ఆ రెండో దారే అక్కరకొస్తుంది.

అడుగు 8: వేడి, కాపలా

స్టోరేజ్‌లో స్మార్ట్ అనే విభాగం ఎనేబుల్ చేయండి, ఒక్కో డిస్కుకూ మానిటరింగ్ పెట్టండి. డిస్కు వేడి అక్కడ కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒకసారి చూడండి. 50 డిగ్రీలు దాటుతుంటే చోటు మార్చండి. టీవీ కింద మూసిన కబోర్డ్, రేకుల కింద అటక, వంటింటి గోడ పక్కన, ఇవి మూడూ పనికిరావు. ల్యాప్‌టాప్‌ను మూత తెరిచే ఉంచండి. మూస్తే చాలావరకు నిద్రలోకి పోతుంది, సెట్టింగ్ మార్చి మూసినా కొన్నింటికి గాలి కీబోర్డ్ మీదుగా వెళ్లాలి.

నోటిఫికేషన్స్‌లో జీమెయిల్ ఇస్తే డిస్కు జబ్బుపడినప్పుడు మెయిల్ వస్తుంది. మీ మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ పనిచేయదు. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది ఇవ్వాలి.

బయటి నుంచి తెరవడం

డాలస్‌లో ఉన్న అమ్మాయి ఇక్కడి ఫొటోలు చూడాలంటే? రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి సర్వర్‌కు నేరుగా దారి తెరవడం) పెట్టమని చెప్పే వీడియోలు బోలెడు. ఎస్‌ఎంబీని మాత్రం ఎప్పటికీ అలా బయటికి తెరవకండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎంబీ పాత వెర్షన్‌లోని కన్నం గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. పైగా మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే చిరునామా) ఇవ్వవు, ఎంత ఫార్వార్డ్ చేసినా తలుపు తెరుచుకోదు.

టెయిల్‌స్కేల్ వాడండి. సర్వర్‌లో, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో రెండు చోట్లా వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. వ్యక్తిగత వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది. ఈ గైడ్ మొత్తంలో నల్ల తెర అవసరమయ్యేది ఇక్కడే: సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్‌తో (ఇంకో కంప్యూటర్ నుంచి ఆదేశాలు టైప్ చేసే దారి) గానీ, కీబోర్డ్ తగిలించి గానీ రూట్‌గా లాగిన్ అయి, టెయిల్‌స్కేల్ సైట్‌లో లినక్స్ పేజీలో ఇచ్చిన ఒక వరుసను కొట్టాలి. తర్వాత సర్వర్‌కు 100 తో మొదలయ్యే ఇంకో అంకె వస్తుంది. బయటి నుంచి ఆ అంకె వాడాలి. ఇంట్లో పాతదే. పనిచేస్తోందో లేదో చూడటానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మీ ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.

సినిమాలకు జెల్లీఫిన్, ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టడానికి ఇమిచ్ వేయాలని వెంటనే చేతులు ఊరుతాయి. రెండూ మంచివే, రెండూ డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిపించుకోవచ్చు. ఇమిచ్ మాత్రం 2 జీబీ ర్యామ్‌ను నంజుకు తినేస్తుంది, 8 జీబీ ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ముందు మాత్రం ఫైళ్లు ఎక్కాక ఇంకోసారి కరెంటు పరీక్ష పెట్టండి. ఈసారి గోడ స్విచ్ కాకుండా, ఇంట్లో నిజంగా కరెంటు పోయినప్పుడు గమనించండి: రూటర్ లేచిందా, సర్వర్ లేచిందా, డిస్కు మౌంట్ అయిందా, ఫోన్లో ఫోల్డర్ తెరుచుకుందా. నాలుగింటికీ అవుననే జవాబు వచ్చాకే కొత్తవి వేయడం మొదలుపెట్టండి.